మైకుకి వినపడకపోతే పీతకి తెలీదనా?

సముద్రంలో ఏదైనా కట్టాలన్నా, తవ్వాలన్నా, గాలిమరలు పాతాలన్నా ముందు ఓ లావుపాటి నివేదిక తయారవుతుంది. అందులో ఎక్కడో చప్పుడు గురించి నాలుగు పేజీలుంటాయి. నీళ్ళలోకి ఓ మైకు దించుతారు. హైడ్రోఫోను అంటారు దాన్ని. అది ఇన్ని డెసిబెల్లు చూపించింది, పరిమితి ఇంత, కొలిచింది పరిమితి లోపలే ఉంది, కాబట్టి జలచరాలకు చెప్పుకోదగ్గ హాని లేదు అని తేల్చేసి సంతకం పెట్టేస్తారు.

నాకు ఆ డెసిబెల్ల అంకె మీద పేచీ లేదు. పేచీ అంతా ఆ "కాబట్టి" మీదే.

మా సాఫ్ట్‌వేరు బతుకుల్లో ఇది రోజూ చూసే వ్యవహారమే. అక్కడ యూజర్లు పేజీ తెరుచుకోవట్లేదు మొర్రో అని మొత్తుకుంటుంటారు. ఇక్కడ మానిటరింగు స్క్రీను మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతుంటాయి. ఎందుకంటే స్క్రీను చూసేది ప్రాసెసర్ని, నిండిపోయింది డిస్కు. అంకె అబద్ధమేం కాదు. చూడాల్సిన చోట చూడలేదు, అంతే. సముద్రంలోనూ అచ్చం ఇదే జరుగుతోంది. కాకపోతే అక్కడ మొత్తుకోడానికి యూజర్లకి నోరు లేదు.

ఇక్కడ కాస్త ఫిజిక్సు తప్పదు. భయపడకండి, ఇంటర్‌లో వదిలేసినంత కూడా ఉండదు.

నీళ్ళలో శబ్దం అంటే రెండు సంగతులు ఒకేసారి జరుగుతుంటాయి. ఒకటి పీడనం, రెండోది చలనం. గుళ్ళో దర్శనం క్యూ ఊహించుకోండి. వెనకనుంచి ఎవడో తోశాడు. ఆ తోపు ఒకరినుంచి ఒకరికి పాకుతూ గర్భగుడి దాకా పోతుంది. పక్కవాడి మోచెయ్యి మీకు ఎంత గట్టిగా తగిలిందన్నది పీడనం. మీరు నిలబడ్డ చోటునుంచి ఎంత ముందుకీ వెనక్కీ ఊగారన్నది చలనం. రెండూ ఒకే తోపు వల్ల వచ్చినవే, కానీ రెండూ ఒకటి కాదు. గోడకి ఆనుకుని నిలబడ్డవాడికి మోచేతి పోట్లు బాగానే తగుల్తాయి, ఊగటం మాత్రం ఉండదు.

నడిసముద్రంలో, చప్పుడు పుట్టిన చోటికి బాగా దూరంగా అయితే ఒకటి తెలిస్తే రెండోది లెక్కకట్టేయొచ్చు. చిన్న ఫార్ములా. కానీ చప్పుడుకి దగ్గర్లో, లోతు తక్కువున్న చోట, నీటి ఉపరితలం దగ్గర, అడుగు నేల దగ్గర ఆ ఫార్ములా చెల్లదు. మనిషి సముద్రంలో సుత్తి పట్టుకుని చేసే పనుల్లో ఎక్కువ భాగం ఎక్కడ జరుగుతాయో వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

హైడ్రోఫోను కొలిచేది పీడనం ఒక్కటే. మన కర్ణభేరి కూడా పీడనానికే స్పందిస్తుంది. తిమింగలాలూ డాల్ఫిన్లూ మనలాగే క్షీరదాలు, వాటిదీ పీడనం బాపతే. చేపల్లో కొన్నింటికి గాలితిత్తి లోపలి చెవికి అనుసంధానమై ఉంటుంది, అవి పీడనాన్ని పట్టగలవు. మన చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి, జెల్ల ఈ కోవలోవే, గాలితిత్తినుంచి చెవి దాకా చిన్న ఎముకల గొలుసుంటుంది వాటికి. 1923లో కార్ల్ వాన్ ఫ్రిష్ గుడ్డి జెల్ల చేపని ఈలకి పలికేట్టు చేసి, చేపలకి వినపడుతుందని లోకానికి చూపించాడు.

మరి మిగతావాటి సంగతి? సొరలకీ టేకులకీ గాలితిత్తే లేదు. అడుగున పడుకునే నాలుక చేపల్లాంటి వాటికి పెద్దయ్యాక ఉండదు. రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు, గవ్వలు, కణవలు సరేసరి. ఇవన్నీ చలనాన్నే పట్టేవి. అసలు చేప చెవి పని చేసే పద్ధతే చలనం. చేప ఒళ్ళు దాదాపు నీటి సాంద్రతే కాబట్టి నీరు ఊగితే చేపా నీటితో పాటే ఊగుతుంది. కానీ చెవిలో ఓటోలిత్ అనే చిన్న రాయి ఉంటుంది. నీటికంటే దాదాపు మూడు రెట్లు సాంద్రం. ఒళ్ళు ఊగినా ఆ రాయి బద్ధకంగా కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటుకి కింద ఉన్న సన్నని కేశాలు వంగుతాయి. అదే చేపకి వినికిడి.

మీ జేబులో ఉన్న సెల్‌ఫోను అడ్డంగా తిప్పితే తెర తిరుగుతుంది కదా, అది తెలుసుకునే చిప్పు కూడా ఇదే పద్ధతి. సన్నని స్ప్రింగుల మీద ఓ చిన్న సిలికాను ముక్క, ఫోను కదిలితే అది వెనకబడుతుంది. యాక్సెలరోమీటరు అంటాం. ప్రకృతి దాన్ని కోట్ల ఏళ్ళ క్రితమే చేపకిచ్చింది, మనం మొన్నమొన్న ఫోనుకిచ్చాం.

రొయ్యకీ ఇలాంటిదే ఉంది. తలమీది చిన్న మీసం మొదట్లో ఓ సంచి, అందులో ఇసుక రేణువులు. స్టాటోసిస్టు అని పేరు. రొయ్య పొర విడిచినప్పుడల్లా పాత ఇసుక పోతుంది, కొత్తది ఎక్కించుకుంటుంది. 1893లో అలోయిస్ క్రైడెల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, అప్పుడే పొర విడిచిన రొయ్యలకి ఇసుకకి బదులు ఇనప రజను అందుబాటులో పెట్టాడు. పాపం అవి దాన్నే ఎక్కించుకున్నాయి. పైనుంచి అయస్కాంతం చూపించాడు. రజను పైకి లాగబడింది, పైకున్నదే కిందనుకుని రొయ్య వెల్లకిలా తిరిగిపోయింది! నూట ముప్ఫై ఏళ్ళనాటి ముచ్చట ఇది. అంటే ఈ జీవాలు కదలికనీ, కింద పైనా అన్నదాన్నీ ఏ అవయవంతో తెలుసుకుంటాయో మనకి నిన్నా మొన్నా తెలిసింది కాదు. అయినా మనం వాటి కష్టం కొలవటానికి మైకే దించుతున్నాం.

ఇక నేల సంగతి.

మీ అపార్టుమెంటు పక్క స్థలంలో పైలింగు జరిగిందనుకోండి. కిటికీలన్నీ బిగించి కూర్చుంటే చప్పుడు తగ్గుతుంది. కానీ మంచం ఊగటం ఆగుతుందా? ఆగదు. ఎందుకంటే అది గాల్లోంచి రావట్లేదు, పునాదిలోంచి వస్తోంది.

సముద్రంలో గాలిమర పాతటమంటే పెద్ద ఉక్కు గొట్టాన్ని అడుగు నేలలోకి కొట్టడం. ఇప్పటి గొట్టాల అడ్డుకొలత ఎనిమిది, పది మీటర్ల దాకా ఉంటోంది. ఒక్కోదాన్ని దించటానికి వేల సుత్తి దెబ్బలు పడతాయి. ప్రతి దెబ్బకీ గొట్టం పొడుగునా ఓ అల కిందికి దిగుతుంది. కొంత నీళ్ళలోకి, కొంత నేలలోకి. నేలలోకి పోయినది ఊరికే పోదు. నీటికీ నేలకీ మధ్య సరిహద్దు వెంట పాకే ఓ రకం అల తయారవుతుంది. షోల్టె అల అంటారు. దీని లక్షణం ఏమిటంటే అడుగు నేల దగ్గర బలంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ గబగబా నీరసిస్తుంది. మరి మన మైకు ఎక్కడ వేలాడుతోంది? అడుక్కి ఎంతో పైన, నడినీళ్ళలో. పీత ఎక్కడుంది? అడుగున, నేలమీద. ఆల్చిప్ప ఎక్కడుంది? నేలలోనే సగం కూరుకుని.

ఈ చప్పుడు తగ్గించటానికి ఓ ఉపాయం కూడా బాగా ప్రచారంలో ఉంది. బుడగల తెర. గొట్టం చుట్టూ అడుగున చిల్లుల పైపు పరిచి గాలి పంపిస్తే బుడగలు తెరలా లేచి నీళ్ళలో పోయే శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి. మంచి పనే, వంక పెట్టను. డాల్ఫిన్‌లాంటి పార్పాయిస్‌లకి దానివల్ల నిజంగా మేలు జరిగింది. కానీ నేలలోంచి పోయే ప్రకంపనకి ఆ తెర అడ్డం రాదు. అది తెర కిందనుంచి దూరిపోయి అవతల తేలుతుంది. కిటికీ మూశాం, మంచం ఊగుతూనే ఉంది. రిపోర్టులో మాత్రం కిటికీ మూసినందుకు మార్కులు వేసుకున్నాం.

"సరేనయ్యా, ఊగితే ఊగింది, వాటికేమైంది?" అంటారా? చెప్తాను.

2015లో ఇంగ్లండులో లూయీస్ రాబర్ట్స్ బృందం సముద్రపు ఆల్చిప్పల్ని నేలతో సహా సన్నగా ఊపి చూసింది. 5 నుంచి 410 హెర్ట్జ్ దాకా. అవి మూతలు ముడుచుకున్నాయి. ఎంత ఊపుకి? బాగా సున్నితమైనవి సెకనుకు సెకనుకు 0.06 మీటర్ల త్వరణానికే. భూమి మనల్ని లాగే త్వరణంలో నూరోవంతు కూడా కాదది. పైలింగు, పేలుళ్ళ దగ్గర కొలిచిన ప్రకంపనలు ఈ పరిధిలోకే వస్తాయని కూడా వాళ్ళు తేల్చారు. మూత ముడుచుకుంటే ఏం పోయింది అనకండి. ఆల్చిప్ప మూత తెరిచి నీళ్ళు వడకడితేనే దానికి తిండీ, ఊపిరీ. ముడుచుకున్నంతసేపూ పస్తే.

2016లో బ్రిటన్‌లోనే మార్టిన్ సోలన్ బృందం, బొరియల్లో ఉండే ఎర్ర లాబ్‌స్టర్లకీ, ఇసుకలో ఉండే గుల్లలకీ వారం రోజులు నిర్మాణ పనుల్లాంటి చప్పుడు వినిపించింది. అవి చావలేదు. కానీ మట్టిని తిరగెయ్యటం, బొరియల్లోకి నీళ్ళు తోడటం మారిపోయాయి. పొలానికి వానపాము ఎంతో సముద్రపు అడుక్కి ఇవి అంత. వానపాము పని మానేస్తే రైతుకి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

2017లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ర్యాన్ డే బృందం స్కాలప్ గవ్వల మీదుగా సర్వే ఓడలు వాడే ఎయిర్‌గన్ని నడిపింది. నేల ఎంత కదిలిందో కూడా కొలిచింది, అదీ దాని గొప్ప. తర్వాతి నెలల్లో చావులు పెరిగాయి. సహజంగా జరిగే చావుల స్థాయిని దాటలేదని కూడా వాళ్ళే నిజాయితీగా రాశారు. కానీ గవ్వల ప్రతిస్పందనలు మారాయి, రక్తం లాంటి ద్రవంలో రసాయనాలు తారుమారయ్యాయి. 2019లో అదే బృందం లాబ్‌స్టర్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. వాటి స్టాటోసిస్టుల్లో కేశాలు దెబ్బతిన్నాయి. వెల్లకిలా పడేస్తే తిరిగి లేవటం ఆలస్యమైంది. 365 రోజుల తర్వాత చూసినా బాగుపడలేదు, పొర విడిచినా బాగుపడలేదు.

ఇప్పుడు నిబంధనలు చూద్దాం. 2008లో అమెరికా పశ్చిమ తీరపు సంస్థలు చేపలకోసం కుదుర్చుకున్న పైలింగు పరిమితి గరిష్ఠంగా 206 డెసిబెల్లు. పీడనం. జర్మనీ పెట్టిన పరిమితి 750 మీటర్ల దూరంలో 160 డెసిబెల్లు. అదీ పీడనమే, పార్పాయిస్‌ల చెవులకోసం పెట్టింది. 2017లో పైలింగు చప్పుడు ఎలా కొలవాలో చెప్తూ వచ్చిన ఐఎస్ఓ 18406 ప్రమాణం, అదీ పీడనం గురించే. 2014లో ఆర్థర్ పాపర్ తదితర పెద్దలు చేపలకోసం రాసిన మార్గదర్శకాల్లోనూ అంకెలు పీడనంలోనే ఉన్నాయి. చాలా చేపలు చలనాన్నే పడతాయని వాళ్ళకి తెలుసు, అదీ వాళ్ళే రాశారు. చలనం కొలతలు చాలినన్ని లేక అలా సర్దుకున్నారు. కొలతలు లేవు కాబట్టి నిబంధన లేదు, నిబంధన లేదు కాబట్టి ఎవడూ కొలవడు. ఎంత చక్కటి ఇన్ఫినిట్ లూపో చూశారా!

మన దేశం సంగతి ఇంకా సొగసు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు మనుషుల చెవులకోసం, గాల్లో శబ్దం కోసం రాసినవి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు, రాత్రి పది దాటితే మైకు బందు. నీటి కింద చప్పుడుకి అందులో పద్దే లేదు. ఆపైన 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ చమురు, గ్యాసు అన్వేషణ ప్రాజెక్టుల్ని బీ2 కేటగిరీలోకి దించింది. అంటే నేలమీదైనా సముద్రంలోనైనా అన్వేషణకి పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. తప్పు మీటరు పెట్టారని ఏడుస్తున్నా నేను, వీళ్ళు మీటరే పీకేశారు.

ఇది ఎక్కడో గోల కాదండీ. కృష్ణా గోదావరి బేసిన్ మన ముంగిట్లోనే ఉంది. 2023 నవంబరులో ఓఎన్‌జీసీ పైపులైను పనుల వల్ల వేట పోగొట్టుకున్న 23,458 మత్స్యకార కుటుంబాలకి నెలకి 11,500 చొప్పున ఆరు నెలలకి మొత్తం 161.86 కోట్ల రూపాయల పరిహారం ఇచ్చారు. ఇవ్వాల్సిందే, సంతోషం. కానీ ఆ లెక్క పడవ కదలని రోజులకి. పడవ మళ్ళీ కదిలాక వలలో ఏం పడుతుందన్నది అడుగు నేలమీద పీతకీ రొయ్యకీ ఏం జరిగిందన్నదాని మీద ఉంటుంది. దానికి లెక్క కట్టాలంటే ముందు కొలత ఉండాలి. రేపు ఒకడు "మా వలలో పీతలు తగ్గాయి బాబూ" అని ఆఫీసుకి పోతే, "మైకు రీడింగు బానే ఉంది, నీ వలే సరిగ్గా లేదు" అంటారు. వాడి దగ్గర చూపించటానికి ఏముంటుంది?

ఎదురు వాదనలు నాకు తెలుసు. ఒక్కోటీ చూద్దాం.

"ఇంకా పూర్తిగా రుజువు కాలేదు." నిజమే. పరీక్షల్లో చాలా భాగం తొట్లలో చేసినవి, కొద్ది జాతుల మీద చేసినవి. 2021లో హాకిన్స్, పాపర్ తదితరులు నేల ప్రకంపనల మీద ప్రత్యేకంగా రాసిన వ్యాసం కూడా తెలియాల్సింది చాలా ఉందనే అంటుంది. కానీ రుజువు దొరకలేదనటానికీ, వెతకలేదనటానికీ తేడా ఉంది. లాగ్ రాయటం ఆపేసి "మా ప్రోగ్రాములో ఒక్క ఎర్రరూ నమోదు కాలేదు" అని చెప్పేవాణ్ణి మా మేనేజరైతే ఆ పూటే ఇంటికి పంపిస్తాడు.

"భూకంపాలు, తుఫాన్లు, అలలు సహజంగా లేవా? వాటికి అలవాటే." లేకేం. కానీ తుఫాను ప్రతి రెండు సెకన్లకీ ఒకే చోట సుత్తితో కొట్టదు. నేల అదిరితే శత్రువు వస్తున్నాడని ఆల్చిప్పకి అర్థం. శత్రువు వచ్చి పోతాడు. వేల దెబ్బల పాటు రాకుండా పోకుండా తలుపు తడుతూ ఉండేది మనమే.

"అయితే గాలి కరెంటు వద్దా? అభివృద్ధి వద్దా?" ఇదిగో, ఇక్కడికే వస్తారని తెలుసు. వద్దని నేను ఎక్కడ అన్నాను? బొగ్గు పొగ కంటే గాలిమర వెయ్యి రెట్లు నయం. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్రపు గాలి విద్యుత్తుకి 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. అన్ని కోట్లు పెట్టేచోట అడుగు నేలమీద ఓ యాక్సెలరోమీటరు పెట్టమంటే అభివృద్ధి ఆగిపోతుందా?

ఇందులో అన్నిటికంటే నన్ను మండించే విషయం చివరికి దాచుకున్నాను. నేల ఊగటాన్ని కొలవటం మన సర్కారుకి చేతకాక కాదు. భేషుగ్గా వచ్చు. గనుల్లో పేలుళ్ళకి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లోనే సర్క్యులర్ ఇచ్చింది. పక్కనున్న ఇళ్ళ దగ్గర నేల సెకనుకి ఎన్ని మిల్లీమీటర్ల వేగం దాటి కదలకూడదో అందులో అంకెలు ఉన్నాయి. మామూలు ఇళ్ళకి తక్కువ పౌనఃపున్యంలో 5 మిల్లీమీటర్లు, చారిత్రక కట్టడాలకి 2 మిల్లీమీటర్లు. అక్కడ ఎవడూ మైకు పెట్టి డెసిబెల్లు లెక్కపెట్టడు. గోడ చెవితో వినదు, ఊగితే బీట్లిస్తుంది కాబట్టి ఊపునే కొలవాలని వాళ్ళకి తెలుసు. ప్రాణం లేని ఇటిక గోడకి ఏ మీటరు పెట్టాలో తెలిసిన ప్రభుత్వానికి, ప్రాణమున్న పీతకి ఏ మీటరు పెట్టాలో తెలీదంటే నమ్మమంటారా? గోడకి ఓనరున్నాడు, కోర్టుకి పోతాడు. పీతకి ఎవడున్నాడు?

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. సముద్రంలో పైలింగుకైనా, ఎయిర్‌గన్ సర్వేకైనా, పైపులైనుకైనా అనుమతి ఇచ్చేముందు నీళ్ళలో మైకుతో పాటు అడుగు నేలమీద ప్రకంపన మీటరు కూడా పెట్టాలి. పని మొదలవ్వక ముందు, జరుగుతున్నప్పుడు, అయిపోయాక, మూడు సార్లూ కొలవాలి. ఆ అంకెలు అల్మారాలో దాచకుండా ఊళ్ళో మత్స్యకార సంఘానికీ ఇవ్వాలి. పరిమితి ఎంత ఉండాలన్నది శాస్త్రవేత్తలు తర్వాత తీరిగ్గా తేల్చుకోనీండి. తేల్చుకోడానికి ముందు అంకెలంటూ ఉండాలి కదా.

అప్పటిదాకా ఆ నివేదికల్లో "జలచరాలకు హాని లేదు" అన్న వాక్యం కొట్టేసి, "మైకుకి హాని లేదు" అని రాసుకుంటే సరిపోతుంది. అదొక్కటే వాళ్ళు నిజంగా పరీక్షించింది.